గోడ మీది అమ్మ, భీమిలిలో అమ్మ

మా చోడవరంలో భీమిలి చూడనివాళ్ళు బోలెడుమంది. చూసొచ్చిన కొద్దిమందీ సముద్రం గురించి చెబుతారు, దీపస్తంభం గురించి చెబుతారు. ఈమధ్య నేను కూడా వెళ్ళి వచ్చాను గనక అందరూ అడుగుతున్నారు, ఏం చూశావయ్యా అని. ఏం చూశానని చెప్పను! నా చంకలో రెండున్నరేళ్ళ మా నూకాలు ఉంది. అది చూసి చెప్పిందే నేను చూశాను, అదే రాస్తున్నాను. బళ్ళ వేళలు కావలసినవాళ్ళు బస్సుల దగ్గర అడిగి తెలుసుకోవచ్చు.

చోడవరం

నేను కోవెల వీధిలో అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని బతికేవాణ్ణి. మా ఆవిడ సత్యవతి ఎనిమిదో తరగతి ప్యాసైంది. భీమిలిలో పంతులమ్మ ట్రైనింగుకు సీటు వచ్చేసరికి నూకాలుకి ఏడాదీ ఎనిమిది నెలలు. హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. "నువ్వెళ్ళు, నేను చూసుకుంటాను" అన్నాను. అనడానికేముంది, ఎంతసేపు!

తల్లి వెళ్ళిన నాటికి పిల్లకి వచ్చిన మాటలు నాలుగో అయిదో. ఆ తర్వాత చెరువుకు గండి పడ్డట్టు వచ్చి పడ్డాయి. పొద్దున్న కళ్ళు తెరిచీ తెరవకముందే మొదలు. "నాన్నా, కాకి లేసింది. కాకికి మొకం కడిగేరా? ఎవులు కడిగేరు?" నీళ్ళు పోస్తుంటే చెంబుతో మాటలు. అన్నం వార్చుతుంటే గంజితో మాటలు. మిషను కింద కూచుని కత్తిరింపు పేలికలకు పేర్లు పెట్టి పెళ్ళిళ్ళు చేసేది. నేను బేరగాళ్ళ కొలతలు పైకి చదువుతుంటే తనూ నోటికొచ్చిన అంకె అరిచేది. ఒకసారి అది అరిచిన అంకె రాసుకుని, ఒక పెద్దాయన లాల్చీని ఆయన మనవడికి సరిపోయేటట్టు కుట్టాను. "నోరు ముయ్యవే తల్లీ" అని రోజుకి ఎన్నిసార్లు అనేవాణ్ణో లెక్కలేదు. అది నిజంగా నోరు మూసుకుంటే మాత్రం జ్వరమేమోనని పరిగెత్తుకెళ్ళి నుదురు చూసేవాణ్ణి.

వెళ్ళేముందు సత్యవతి అనకాపల్లిలో ఫోటో తీయించుకుంది. గుండ్రబల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డ ఫోటో. తలలో కనకాంబరాలు. దానికి పటం కట్టించి, పిల్లకి అందేటట్టు గోడకి కిందగా కొట్టాను. "ఇదే అమ్మ" అని చూపించాను. అన్నం తినేముందు మొదటి ముద్ద అమ్మకే. నూకాలు ఆ ముద్దని పటం అద్దానికి ఆనించి, "తిను" అని, కాసేపు చూసి, ఆఖరికి తనే తినేసేది. రోజూ ఒక పువ్వు పటానికి దోపేది. ఉత్తరం వచ్చిన రోజున నేను పటం పక్కన నిలబడి, "అమ్మ చెబుతోంది, విను" అని చదివేవాణ్ణి. తల్లిని పిల్ల మరిచిపోకుండా ఎంత బాగా చూసుకుంటున్నానో అని నాలో నేనే మురిసిపోయేవాణ్ణి.

ఎదురింటి సన్యాసమ్మత్త మాత్రం రెండు మూడుసార్లు అంది. "ఒరే బాబూ, బతికున్న మనిసికి పటం కట్టి పువ్వెట్టకూడదురా. సూసినోళ్ళు ఏటనుకుంటారు?"

"సూడ్డానికి ఎవరొస్తారత్తా మా ఇంటికి" అని నవ్వేశాను.

దసరాకి వస్తానంది సత్యవతి. శారదా నది పొంగి రోడ్డు తెగిపోయింది. తర్వాతి సెలవులకి హాస్టల్లో ఎవరికో ఆటలమ్మ పోసింది. చంటిపిల్ల ఉన్న ఇంటికి ఎందుకని తనే ఆగిపోయింది. అలా ఎనిమిది నెలలు దాటిపోయాయి. మాఘమాసంలో ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని పటం పక్కన నిలబడి చదవలేకపోయాను.

"నా పక్కమంచం ఆవిడ కొడుకుని నిన్న తీసుకొచ్చారు. వాడు తల్లిని చూసి, ఈవిడెవరు అని అడిగాడు. ఆవిడ ఇంతవరకూ అన్నం ముట్టలేదు. మన నూకాలు కూడా అలా అడిగితే నాకీ చదువొద్దు. పరీక్షకి మూడు నెలలే ఉన్నా సరే, వద్దు. ఒకసారి పిల్లని తీసుకురండి. నన్ను గుర్తుపడితే ఉంటాను. లేకపోతే మీతో వచ్చేస్తాను."

చదివి జాలిపడ్డాను, ఆ తర్వాత నవ్వుకున్నాను. రోజూ అమ్మతో అరగంట మాట్లాడే పిల్ల అమ్మని మరిచిపోతుందా! పంతులమ్మ ఉద్యోగమంటే మాటలా? మా రెండు వైపులా ఆడది ఉద్యోగం చేసిన ఇల్లు లేదు. అది చేతికొచ్చేవేళ ఎలా వదులుకోనిస్తాను? శుక్రవారం నాడు మిషను మీద గుడ్డ కప్పి బయల్దేరాను.

అనకాపల్లి బస్సు

బస్సులో నూకాలుని కిటికీ పక్కన నిలబెట్టాను. దారి పొడుగునా చెరుకు బళ్ళే. ఒక్క ఎద్దునీ వదల్లేదు, అన్నిటినీ పలకరించింది. "ఎద్దూ, నీకు బండి బరువా? మా నాన్న మోస్తాడు, ఇయ్యి." బస్సంతా నవ్వు. నేను సంచీ సర్దుకుంటుంటే పక్కన జాంపళ్ళ గంపతో ఉన్నావిడ, "మీయమ్మేదే గుంటా?" అని పిల్లని అడిగింది.

"అమ్మ గోడ మీద ఉన్నాది. పువ్వెట్టేం. అన్నం ఎడితే తిన్నేదు."

నాకు రోజూ వినే మాటే కదా, చెవికెక్కలేదు. ఆవిడ మాత్రం గంపలో పెద్దపళ్ళు రెండు ఏరి పిల్ల చేతిలో పెట్టింది. అణా ఇవ్వబోతే నా చెయ్యి తోసేసి, "నీ దగ్గర తీసుకుంటే నాకు పాపం, బాబూ" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. జలుబు చేసిందేమో అనుకున్నాను.

సగం దూరంలో బస్సు వేడెక్కి ఆగిపోయింది. రోడ్డు పక్కనే బెల్లం వండుతున్నారు. మనకి తెలిసిన సంగతే గాని, పిల్లనెత్తుకుని చూస్తే నాకే కొత్తగా ఉంది. మనిషి పడుకునేంత పెనం, అందులో బంగారు రంగు నురగ కుతకుతలాడుతోంది. నూకాలు దాన్ని చూసి, "నాన్నా, అది అరుస్తంది. ఏడికి దానికి నొప్పెడతంది" అంది. పాకం పట్టే ఆయన నవ్వాడు. దీనితో రెండు మాటలాడాడు. "అమ్మ నేదా మరి?" "ఉన్నాది. గోడ మీద." ఆయన నవ్వు ఆగిపోయింది. లేచి, ఆకులో ఇంత ఆరబెట్టిన పాకం పోసి ఇచ్చాడు. నన్ను గోనె మీద కూచోబెట్టి నీళ్ళిచ్చాడు. మళ్ళీ బస్సెక్కేటప్పుడు పిల్ల తలమీద చెయ్యి పెట్టి ఏదో గొణుక్కున్నాడు.

ఈ దారిన ఎన్నిసార్లు తిరిగానో! దారాలకీ బొత్తాలకీ నెలకోసారి అనకాపల్లి వెళ్ళేవాణ్ణి. ఇంత ఆదరణ ఎప్పుడూ చూడలేదు. అనకాపల్లి హోటల్లో రెండిడ్లీ అణా, చట్నీ ఎంతైనా పోస్తారు. అక్కడ కూడా పిల్ల తిన్నదానికి డబ్బులు పుచ్చుకోలేదు. సత్రంలో వంటావిడ నూకాలుని ఒళ్ళో కూచోబెట్టుకుని, నేను మడిచి కట్టిన జుట్టు విప్పి, నూనె రాసి రెండు జడలు వేసింది. "మగోడు ఎంతకని సేస్తాడు పాపం" అంది. ఆ మాట నిజమే కదా అని నేనూ తల ఊపాను. మనుషులు ఇంత మంచివాళ్ళని పిల్లలు పుడితే గాని తెలియదు కాబోలు అనుకున్నాను.

రైల్లో ముసలమ్మ

మర్నాడు పాసింజరు బండిలో ఇసకేస్తే రాలనంత జనం. అయినా పిల్లతో ఉన్న మగవాణ్ణని జరిగి చోటిచ్చారు. ఎదురుగా ఒక ముసలమ్మ చుట్ట వెలిగించుకుని, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది. మా ప్రాంతం ఆడవాళ్ళ అడ్డపొగ నాకు కొత్త కాదు. నూకాలు మాత్రం ఇంత దగ్గర్నుంచి చూడడం అదే మొదలు.

"నాన్నా! ఈ మామ్మ నిప్పు తింటంది!"

పెట్టెలో సగం మంది పడీ పడీ నవ్వారు. ముసలమ్మ చుట్ట బయటికి తీసి చూపించి మళ్ళీ లోపలికి తోసింది. నూకాలు నోరు తెరిచి ఆవిడ నోట్లోకి తొంగి చూసింది. ఆ తర్వాత ఇద్దరికీ ఒకటే కబుర్లు. నేను కునుకు తీశాను. ఎవరో మోకాలు తడితే లేచాను. ముసలమ్మే.

"బాబూ, నా తమ్ముడి కూతురున్నాది. కలిమి నేదు గాని మనసు మంచిది. ఈ గుంటని కడుపున పుట్టినట్టే సూస్తాది. నీకు ఇష్టమైతే నాను మాటాడతాను."

"ఏ విషయం మామ్మా?"

"ఏ విషయమేటి, నీ పెళ్ళి విషయం."

నిద్రమత్తంతా ఎగిరిపోయింది. "నాకు పెళ్ళాం ఉంది మామ్మా! బతికే ఉంది! భీమిల్లో చదువుకుంటంది!"

పెట్టెలో వాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెళ్ళయి పిల్లని కన్న ఆడది ఊరుగాని ఊళ్ళో చదువుకుంటోందన్నమాట ఎవడు నమ్ముతాడు! ముసలమ్మ నా వీపు నిమిరింది. "ఉంటాది నాయనా, ఉంటాది. మనసులో ఎప్పుడూ ఉంటాది."

మూలనున్న ఒకాయన, "మా బావా ఇలాగే ఆర్నెల్లు మాటాడేడు. మెల్లిగా తగ్గిపోద్ది" అని ధైర్యం చెప్పాడు.

"మొన్న కూడా పువ్వెట్టేం" అంది నూకాలు, నన్ను సమర్థిస్తున్నట్టు.

అప్పుడు తెలిసింది. జాంపళ్ళు, పాకం, ఇడ్లీ, రెండు జడలు, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. దారి పొడుగునా ఇది మా ఆవిణ్ణి చంపుకుంటూ వస్తోందన్నమాట! సిగ్గేసింది, నవ్వొచ్చింది, సన్యాసమ్మత్త మొహం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. జేబులోంచి ఉత్తరం తీసి అందరికీ వినపడేలా చదివాను. మూలనున్నాయన దాన్ని పుచ్చుకుని పోస్టు ముద్ర కూడా చూశాడు. ముసలమ్మ నవ్వలేదు. చుట్ట ఆర్పేసి నూకాలు వంక చూసింది.

"మరేటి సేసేవు బాబూ! ఈ గుంటకి అమ్మంటే ఆ పటమే. మనిసిని సూసి అమ్మంటాదా?"

పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాను. "నూకాలూ, మనం ఎక్కడికెల్తన్నామే?"

"బీమ్లీకి."

"అక్కడ ఎవరుంటారు?"

"సముద్రం ఉంటాది."

"మరి అమ్మ?"

"అమ్మ ఇంట్లో ఉన్నాది కదా. తలుపేసేవు కదా." నా తెలివితక్కువకి జాలిపడుతున్నట్టు నా గడ్డం పట్టుకుంది. తలుపు గొళ్ళెం సరిగ్గా పెట్టానో లేదో, అమ్మ ఒక్కర్తీ భయపడుతుందేమో అని కూడా అంది.

సముద్రం

వాల్తేరులో దిగి కాఫీ తాగాం. మా దగ్గర గ్లాసులో పోస్తారు, అక్కడ కప్పూ సాసరూ. ధర కూడా తగ్గట్టే ఉంది. రుచి ఏమిటో నాకు గుర్తులేదు. భీమిలి బస్సులో కూచున్నంతసేపూ పిల్లకి పాఠమే. "అమ్మ నడుస్తుంది. అమ్మ మాట్లాడుతుంది. అమ్మ నిన్ను ఎత్తుకుంటుంది."

"అబద్దం" అంది నూకాలు.

"నిజంగానే."

"అమ్మ బల్ల ఒగ్గి రాదు."

నిజమే, పటంలో అమ్మ ఆ బల్ల వదిలి ఎన్నడు కదిలింది గనక! ఎనిమిది నెలలు రోజూ ముద్ద పెట్టించి, పువ్వు పెట్టించి, ఇంత చక్కగా నేనే నేర్పాను. రేపు ఇది తల్లిని చూసి మొహం తిప్పుకుంటే సత్యవతి పెట్టె సర్దుకుంటుంది. ఆవిడ చదువు నా చేతులతో నేనే పాడుచేసినట్టు. తాటితోపులూ ఇసకదిబ్బలూ వెనక్కి వెళుతున్నాయి, మంచి ఊళ్ళే అయుంటాయి, నేను చూడలేదు.

భీమిలిలో దిగేసరికి ఎండ చల్లబడింది. హాస్టలుకి ఆదివారమే రానిస్తారు. సత్రంలో సంచీ పడేసి పిల్లని ఒడ్డుకి తీసుకెళ్ళాను. దిబ్బ ఎక్కగానే ఎదురుగా సముద్రం.

నాకు ముప్ఫయ్యేళ్ళు. నేనూ చూడడం అదే మొదలు. అంత నీలం, అంత చప్పుడు, అవతలి గట్టన్నదే లేదు. కాళ్ళు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. కిందికి చూస్తే నూకాలు నోరు మూసుకుని ఉంది. ఎనిమిది నెలల్లో మొదటిసారి, జ్వరం లేకుండా. నా వేలు పట్టుకున్న దాని చెయ్యి చెమటపట్టింది.

చాలాసేపటికి, "నాన్నా, ఇదంతా ఎవులు పోసేరు?" అంది.

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. తర్వాత అది నా చెయ్యి వదిలి నాలుగడుగులు ముందుకెళ్ళి, చెంబుతో మాట్లాడినట్టే, కాకితో మాట్లాడినట్టే సముద్రంతోనూ మాట్లాడింది. "సముద్రం, నాను నూకాల్ని. మాది సోడారం." ఒక అల వచ్చి దాని పాదాలు కడిగి వెళ్ళింది. అది ఎగిరి గంతేసి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "పలికింది నాన్నా! నాను పిలిస్తే వొచ్చింది!" ఆ సాయంత్రం అది ఎన్నిసార్లు పిలిచిందో, అన్నిసార్లూ వచ్చింది. నాకు కళ్ళు చెమర్చాయి. ఇంత చిన్న ప్రాణి ఇన్నాళ్ళూ జవాబు రాకపోయినా అన్నిటితోనూ మాట్లాడుతూనే ఉంది కదా అనిపించింది.

హాస్టలు అరుగు

ఆదివారం పొద్దున్నే బజారులో కనకాంబరాలు కొన్నాను. ఫోటోలో ఉన్నట్టే తలలో పెట్టుకుంటే గుర్తుపడుతుందని నా ఆలోచన. సత్రంలో పెరుగన్నం ఆకులో కట్టించాను.

హాస్టలు వరండాలో ఒక బల్ల, దాని మీద వచ్చినవాళ్ళు సంతకం పెట్టే పుస్తకం, పక్కన ఒక బెంచీ. సత్యవతి లోపల్నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. చిక్కిపోయింది. కళ్ళద్దాలు కూడా వచ్చాయి, అది నాకు రాయలేదు. చేతులు చాపి, "నూకాలూ" అంది.

నూకాలు నా పంచె వెనక్కి వెళ్ళిపోయింది. "నాన్నా, ఈవిడెవులు?"

ఆ ఒక్క మాట కోసమే కదా ఇంత దూరం భయపడుతూ వచ్చాను. "అమ్మే తల్లీ" అన్నాను.

"కాదు. అమ్మ గోడ మీద ఉన్నాది."

సత్యవతి చేతులు అలాగే ఉండిపోయాయి. దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. పటం, పువ్వు, ముద్ద, జాంపళ్ళావిడ, రైల్లో పెళ్ళిసంబంధం కూడా. నవ్వుతుందేమోనని ఆశపడ్డాను. కనకాంబరాలు చేతికిస్తే తీసుకుని ఒకసారి వాసన చూసి బల్ల మీద పెట్టేసింది.

"ఏటండీ ఇది! నన్ను బతికుండగానే పటం చేసేసేరా?" పిల్ల వంక చూసింది. "తప్పు మీది కాదు. వెళ్ళింది నేను. పదండి, పెట్టె సర్దుకొస్తాను."

"మూడు నెలలే సత్యవతీ..."

"మూడు నెలల తర్వాత అది నన్ను పంతులమ్మగారూ అంటాది."

లేచి నిలబడింది గాని లోపలికి వెళ్ళలేకపోయింది. గోడకి ఆనుకుని, ఒక చెయ్యి బల్ల మీద పెట్టి, కళ్ళద్దాలు తీసేసి, ఏడుపు కనపడకుండా కదలకుండా నిలబడిపోయింది.

ఈలోగా నూకాలుకి ఆకలేసింది. ఎవరెలా ఏడిస్తే దానికేం? ఆకు విప్పుకుంది. ముద్ద చేసుకుంది. అలవాటు ప్రకారం మొదటి ముద్ద పట్టుకుని గోడల వంక వెతికింది. ఈ గోడ చూసింది, ఆ గోడ చూసింది. ఆఖరికి దాని చూపు గోడ దగ్గర, బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డ మనిషి మీద ఆగింది. తల పక్కకి వంచి చూసింది. బల్ల చూసింది. బల్ల మీది కనకాంబరాలు చూసింది.

"కదలకు" అన్నాను సత్యవతితో. "నీకు దణ్ణం పెడతాను, కదలకు."

నూకాలు బెంచీ ఎక్కింది. ముద్దని తల్లి పెదాలకి ఆనించింది. "తిను" అంది. రోజూ అద్దం ముందు ఆగినట్టే ఆగింది, కాసేపటికి ముద్ద తనే తినేద్దామని.

సత్యవతి నోరు తెరిచి తినేసింది.

నూకాలు ఖాళీ చెయ్యి చూసుకుంది. ఇటు తిప్పి చూసుకుంది, అటు తిప్పి చూసుకుంది. తల్లి దవడ కదలడం చూసింది. దాని కళ్ళు ఎంత పెద్దవయ్యాయో ఏమని రాయను! సముద్రం దగ్గర కూడా అంత కాలేదు.

"నాన్నా!" వరండా అంతా తిరిగి చూసింది, అంత కేక. "నాన్నా! అమ్మ తినేసింది!"

దిగి ఇంకో ముద్ద తెచ్చింది. అదీ తినేసింది. మూడోదీ అంతే. "నములు. మింగు. నోరు సూపించు." ఆ తర్వాత గండి పడింది. కాకి సంగతి, వేడికి నొప్పెట్టిన పాకం సంగతి, నిప్పు తినే మామ్మ, పిలిస్తే పలికిన సముద్రం, అన్నీ ఒకదాని మీద ఒకటి. సత్యవతి దాన్ని గుండెకి హత్తుకుని నములుతూ, ఏడుస్తూ, "ఊఁ, ఊఁ" అంటోంది. ఆకులో నాకంటూ ఒక్క మెతుకు మిగల్లేదు. ఆ రోజంత కడుపు నిండిన రోజు నాకు ఇంకోటి లేదు.

గంట కొట్టారు. నూకాలు బెంచీ మీద నుంచి తల్లి జడలో కనకాంబరాలు దోపింది, వంకరగా. నేను అడగడానికి భయపడుతుంటే సత్యవతే చెప్పింది. "పెట్టె సర్దుకోనులెండి. పరీక్ష రాసే వస్తాను. మీరు ఇంటికెళ్ళగానే ఆ పటం దించేయండి."

గేటు దగ్గర పిల్ల ఎంత ఏడ్చిందో రాయలేను. అమ్మ కోసం అది ఏడవడం అదే మొదలు.

మళ్ళీ చోడవరం

ఇంటికొచ్చి తలుపు తీశాను. పటం దించుదామని మేకు దగ్గరికి వెళుతుంటే నూకాలు అడ్డం వచ్చింది. దాని ముందు నిలబడి కాసేపు చూసింది. నేను అన్నం కలిపి, ఎంతైనా అలవాటు కదా, "అమ్మకి ముద్ద" అన్నాను.

"దీనికొద్దు నాన్నా. ఇది తిన్దు" అంది. మొదటి ముద్ద తీసి కంచం అంచున విడిగా పెట్టింది. మిగతాదంతా తిన్నది గాని దాన్ని ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు.

"ఉత్తరం రాయి" అంది. "అమ్మకి ఆకలేస్తంటాది."

చెయ్యి కడుక్కుని కాగితం తీశాను.